బ్రిడ్జి మాట ఎత్తకూడదు

నవంబరు 4, సోమవారం

మాట్లాడకూడదని అన్నాను గానీ రాయకూడదని అనలేదు. కాబట్టి ఇది తప్పు కాదు.

నేను పోలేరయ్యను. ఈ పాళేనికి పెదకాపును. వేటకు ఎప్పుడు పోవాలి, ఎవరి వల ఎక్కడ పడాలి, ఎవరు ఎవరికి తప్పు కట్టాలి, ఇరవై రెండేళ్ళుగా అన్నీ నా నోటి మీదే తెగుతున్నాయి. రాత్రి బడిలో మూడు నెలలు కూర్చున్న చదువు నాది. అక్షరాలు పెద్దవిగా వస్తాయి, వరసలో నిలబడవు. ఈ పుస్తకం చేపల సంఘం వాళ్ళు పంచిన పోయినేటి డైరీ. వారాలు కలవవు. కొట్టేసి నేనే వేసుకుంటున్నాను.

దురాయి వేసి పదిహేను రోజులయింది. సంఘం షెడ్డు ముందర ఇసుకలో గెడ పాతి, వేపకొమ్మ కట్టి, అందరూ వినేట్టు చెప్పాను. జెట్టీ పని పూర్తయ్యేదాకా ఈ పాళెంలో ఎవరూ బ్రిడ్జి మాట ఎత్తకూడదు. ఎత్తిన ఇంటితో ఎవరూ మాట్లాడకూడదు. ఆ ఇంటివాళ్ళకు పడవ రాబడిలో పాలు లేదు, ఆటోలో చోటు లేదు.

దురాయి వేసినవాడికీ అదే కట్టు. గడువు లోపల గెడ పీకాలంటే వేసినవాడే పీకాలి. పీకినరోజే పెదకాపు పెత్తనం దిగిపోవాలి. మా నాయన వేశాడు, మా తాత వేశాడు. ఒక్కరూ పీకలేదు.

పొద్దున అయిదింటికి ఆటో పోయింది. పన్నెండింటికి వచ్చింది. ఎనిమిది మంది.

నవంబరు 5

పన్నెండున్నరకు వచ్చింది. ఎనిమిది మంది.

నవంబరు 6, బుధవారం

మా పాళేనికి ఒక పక్క సముద్రం, ఒక పక్క ఉప్పుకాలవ. బయటికి పోవాలంటే కాలవ మీద బ్రిడ్జి ఒక్కటే దోవ. శివ ఆటోలో రోజూ ఎనిమిది మంది ఆడవాళ్ళు, ఎనిమిది గంపలు, ఐసు పెట్టెలు ఎక్కించుకొని అల్లూరు మార్కెట్టుకు పోతారు. అందులో మాలకొండమ్మ ఒకతె. నా పెళ్ళాం. అరవై ఆరేళ్ళు వచ్చినా గంప దించదు.

మొన్న శనివారం పీతల బుట్టలు తీయడానికి కాలవలో పోయాను. వాన తగిలితే బ్రిడ్జి కింద కాసేపు పడవ ఆపాను. నడిమి దూలానికి సన్నటి గీత ఉంది. పాత కట్టడానికి గీతలుంటాయి. నా మొహానికి లేవా?

ఇవాళ ఆటో ఒంటిగంట దాటినా రాలేదు. నేను వీధి చివర నిలబడ్డాను. ఒకటీ ఇరవైకి వచ్చింది. మాలకొండమ్మ దిగుతూనే అంది.

"ఏందయ్యా, ఎండలో కొంగ మాదిరి ఒంటికాలి మీద నిలబడుండావు? ఆకలేస్తే కుండలో అన్నముండాది గదా."

"ఆకలి కాదు మే. గాలి చూస్తుండా."

"గాలి సముద్రం పక్క నించి గదా వచ్చేది. నువ్వు అల్లూరు పక్క చూస్తుండావు."

ఆడవాళ్ళందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఎనిమిది మందీ ఉన్నారు.

నవంబరు 8

మాలకొండమ్మను ఇంట్లో ఉంచాలని నడుము నొప్పి అన్నాను. నూనె రాసింది, కాపడం పెట్టింది, నాలుగున్నరకల్లా గంప ఎత్తుకొని పోయింది. పోతూ పోతూ, "నడుము నొప్పి ఉన్నోడు అంత గట్టిగా అరవడు" అంది.

నవంబరు 9

ఎనిమిది మంది.

నవంబరు 13, బుధవారం

దురాయి వేసిన రోజు సంఘం షెడ్డులో ఏం జరిగిందో రాసుకుంటే మనసు కుదుటపడుతుందేమో.

ఎమ్మెల్యే మనిషి వచ్చాడు. తెల్ల చొక్కా, చేతిలో రెండు ఫోన్లు. ఈ ఏడు మీ పాళేనికి ఒక్క పనికే నిధులుండాయి అన్నాడు. బ్రిడ్జి కావాలంటే బ్రిడ్జి, జెట్టీ కావాలంటే జెట్టీ. ఊరంతా కలిసి ఒకే కాగితం ఇయ్యాలి. రెండు కాగితాలు వచ్చినాయంటే రెండూ పక్కన పెట్టి పక్క పాళేనికి ఇచ్చేస్తారు. అంతే చెప్పి టీ తాగి పోయాడు. నిప్పు పెట్టి పోయినట్టే.

చిన్నపోలయ్య లేచాడు. మాలకొండమ్మ తమ్ముడు. సగం పాళెం వాడి వెనక ఉంది.

"బావా, బ్రిడ్జి కమ్ములు బయటపడి తుప్పు రాలుతుండాది. పక్క గోడలు కూలి ఆరేళ్ళయింది. పొయ్యేదానికి వచ్చేదానికి అదొక్కటే గదా దోవ మనకి."

"నీ కాళ్ళు రెండూ బాగుండాయి గాబట్టి నీకు జెట్టీ అక్కర్లేదురా. మా మాల్యాద్రిని చూసి మాట్లాడు."

మాల్యాద్రి నా కొడుకు. నాలుగేళ్ళ కిందట ఒడ్డుకు తెస్తున్న పడవను అల తిప్పి వాడి మీద వేసింది. తుంటి విరిగింది. ఇప్పుడు కర్ర పట్టుకొని నడుస్తాడు, గడప దగ్గర కూర్చొని వలలు బాగు చేస్తాడు. జెట్టీ ఉంటే పడవ అలల్లోంచి ఈడ్చాల్సిన పని లేదు. నేను అబద్ధం ఏమీ చెప్పలేదు.

చిన్నపోలయ్య అన్నాడు. "మండలాఫీసు ముందర ఆర్చీ కట్టేదానికి డబ్బులుండాయి. ఆ ఆర్చీకి రంగు లైట్లు పెట్టేదానికీ ఉండాయి. మనకాడికి వచ్చేతలికి కాలు కావాల్నా చెయ్యి కావాల్నా అంటారు. వాళ్ళనడగాల్సిన మాట నన్నడుగుతావేంది బావా?"

ఆ మాట సరైనదే. సరైనదని నేను అనలేదు. వాడు నా ఎదురుగా నిలబడి అన్నాడు గనక అనలేదు.

"ఆ బ్రిడ్జికి కంకర మోసినోణ్ణి నేనురా" అన్నాను. "నువ్వు అప్పటికి పుట్టలేదు. నేను మోసిన కట్టడం కూలుతుందంటావా?"

ఎవడో ఎవణ్ణో తోశాడు. మధ్యలో ఉన్న ఏసుమణి తల మీద తెడ్డు పడింది, నెత్తురొచ్చింది. ఇంకొంచెం ఆగితే పాళెం రెండుగా చీలేది. నేను లేచి గెడ పాతాను. జెట్టీ కాగితం మీద ముందు నేను సంతకం పెట్టాను, అందరూ పెట్టారు. చిన్నపోలయ్య కూడా పెట్టాడు, నా మొహం చూడకుండా.

గొడవ ఆపడానికే వేశాను. గెలవడానికి కాదు.

గెలవడానికి కూడా.

నవంబరు 16, శనివారం

కాలవలో పోయాను. పీతలకే. సన్నటి గీతే. నీళ్ళు పెరిగాయి, పైనించి వానలు.

నవంబరు 17

మాలకొండమ్మ గంప దాచాను. అటక మీద పాత వలల కింద పెట్టాను. ఆమె ఇల్లంతా వెతికి, వెతికి, చివరికి ప్లాస్టిక్ టబ్బు ఎత్తుకొని పోయింది. మధ్యాహ్నం వచ్చి నేరుగా అటక దగ్గరికే పోయింది.

"పోలేరయ్యా, నిజం చెప్పు. నన్ను మార్కెట్టుకు పోనీయకుండా ఎందుకు చూస్తుండావు? ఎవరన్నా ఏమన్నా అన్నారా?"

నలభై తొమ్మిదేళ్ళ కాపురంలో ఆమె నన్ను పేరు పెట్టి పిలిచింది రెండుసార్లు. మొదటిసారి మాల్యాద్రి మీద పడవ పడినరోజు.

"వయసయింది గదా మే, ఇంట్లో ఉండకూడదా?"

"వయసు నాకొక్కదానికే అయిందా? నువ్వు పెదకాపు పెత్తనం దిగు, నేను గంప దించుతా."

ఏం చెప్పను? చెబితే దురాయి తప్పినట్టు. ఆమె తమ్ముడికి తెలుస్తుంది. వాడు షెడ్డులో నిలబడి నవ్వుతాడు.

నవంబరు 20, బుధవారం

గీత కాదు.

ఇంతవరకు ఈ పుస్తకంలో కూడా అబద్ధం రాశాను. నాకు నేనే అబద్ధం చెప్పుకుంటే ఎవరు తప్పు కట్టాలి?

ఆ శనివారం పడవలో నిలబడి పగులులో చెయ్యి పెట్టాను. మణికట్టు దాకా పోయింది. లోపల కమ్మి వేలికి తగిలింది. పట్టుకుంటే తడిసిన బెల్లం మాదిరి పొరలు పొరలుగా ఊడి చేతిలోకి వచ్చింది. పదహారో తేదీ మళ్ళీ పెట్టాను. మణికట్టు దాటి పోయింది.

ఇంకొకటి ఉంది. ఇది ఎవరికీ తెలియదు. తెలిసినవాళ్ళు చచ్చిపోయారు.

బ్రిడ్జి కట్టేటప్పుడు నాకు పద్దెనిమిదేళ్ళు. మంచి ఇసుక సంగం ఊరి పక్కనుంచి, పెన్న ఏటి నుంచి రావాలి. లారీలు రాలేదు. కాంట్రాక్టరు మమ్మల్ని నలుగురిని పిలిచి కాలవ ఇసుకే ఎత్తమన్నాడు. ఉప్పు ఇసుక. పదహారు రోజులు మోశాం. మేస్త్రీ ఒకాయన, ఉప్పు ఇసుకైతే కమ్మిని తినేస్తుందిరా అబ్బయా, నలభై యాభై ఏళ్ళకు తెలుస్తుంది అన్నాడు. నలభై ఏళ్ళంటే అప్పుడు నవ్వొచ్చింది నాకు. అంతకాలం ఎవడు బతుకుతాడులే అనుకున్నాను.

నేను బతికాను.

నేను మోసిన బ్రిడ్జి అని షెడ్డులో రొమ్ము చరుచుకున్నాను కదా. దాని మీద రోజూ రెండుసార్లు ఎనిమిది మంది. మా ఇంటి మనిషి కూడా.

ఇవాళ ఒకటింపావుకు వచ్చింది. ఎనిమిది మంది. అన్నం లోపలికి పోవడం లేదు. భయం కాదు. వయసు.

నవంబరు 21

శివను పక్కకు పిలిచి, "ఆటోలో అంతమందిని ఎక్కించొద్దురా, నలుగురినే తీసుకపో" అన్నాను.

"ఎందుకు తాతా?"

"ఆటో పాతదిరా."

"పోయిన నెలే గదా కొత్త టైర్లేసింది. నువ్వే గదా కొబ్బరికాయ కొట్టింది."

పిచ్చివాణ్ణి చూసినట్టు చూసి పోయాడు.

నవంబరు 24, ఆదివారం

వాన. ఆటో రెండింటికి వచ్చింది. నేను బ్రిడ్జి దాకా పోయి నిలబడ్డాను. ఆటో మధ్యకు వచ్చినప్పుడు కళ్ళు మూసుకున్నాను. చక్రాలు మట్టి మీద పడ్డ చప్పుడు వినేదాకా తెరవలేదు. డెబ్బై రెండేళ్ళవాణ్ణి, సముద్రం మీదే తిరిగినవాణ్ణి, ఆటో చూసి కళ్ళు మూసుకున్నాను.

ఎనిమిది.

నవంబరు 27, బుధవారం

వాయుగుండం తుపానయింది. వేటకు ఎవరూ పోలేదు. ఆటో కూడా పోలేదు. ఒక్కపూట నాకు ప్రాణం కుదుటపడింది. మధ్యాహ్నానికి అదీ పోయింది.

వీఆర్వో పెంచలకృష్ణ మైకు పట్టుకొని వచ్చాడు. మంచి పిల్లోడు, తడిసి ముద్దయినాడు.

"తాతా, రేపు పొద్దున తొమ్మిదికి రెండు బస్సులొస్తాయి. ఊరంతా ఎక్కాలి. అల్లూరు బళ్ళో భోజనం, పడక అన్నీ పెట్టినాం."

"బస్సులు యాడికొస్తాయి?"

"పాళెంలోకే తెప్పిస్తుండా తాతా. నీలాంటోళ్ళు నడవబళ్ళేదు. ఒక్కో దాంట్లో డెబ్బై మంది పడతారు."

డెబ్బై మంది. బస్సు.

"మేం రాం" అన్నాను.

"అదేంది తాతా?"

"ఇట్టాంటి తుపానులు చానా చూసినాం. సముద్రం మా గడప తొక్కదు. పో."

వాడు బతిమాలాడు, కాళ్ళు పట్టుకోబోయాడు. నేను కదల్లేదు. నా వెనక నిలబడ్డ జనం కూడా కదల్లేదు. ఇరవై రెండేళ్ళలో సముద్రం గురించి నా మాట ఒక్కసారీ తప్పలేదు. చిన్నపోలయ్య సైతం, "బావ చెప్పినాడంటే చెప్పినాడే. మేం పోం సారూ" అన్నాడు. నూట నలభై మంది నా మాట నమ్మి ఇళ్ళకు పోయి పొయ్యి వెలిగించుకున్నారు.

ఈ సముద్రాన్ని పొద్దుటి నుంచి చూస్తున్నాను. రంగు బాగలేదు. కడలి పొంగి రేపు మాపటికి మా వీధిలో ఉంటుంది. నాకు తెలుసు.

బస్సెక్కితే బ్రిడ్జి. ఎక్కకపోతే సముద్రం. రెండు పక్కలా నేనే నిలబడి ఉన్నాను.

నవంబరు 28, గురువారం, అల్లూరు బళ్ళో

పలకలు రాసుకునే బల్ల మీద రాస్తున్నాను. బయట గాలి. పిల్లలు ఏడుస్తున్నారు. మాలకొండమ్మ ఈ గదిలో లేదు. పక్క గదిలో ఉంది.

పొద్దున తెల్లారేసరికి నీళ్ళు వలల షెడ్డు దాకా వచ్చాయి. ఎనిమిదిన్నరకు కాలవ అవతల బస్సు హారన్ వినపడింది. పెంచలకృష్ణ ముందు వస్తున్నాడు, వెనక మొదటి బస్సు బ్రిడ్జి ఎక్కడానికి తిరుగుతోంది. నేను పరిగెత్తాను. ఎప్పుడు పరిగెత్తానో గుర్తు లేదు, బ్రిడ్జి మీద ఉన్నాను. చేతులు చాపి అరిచాను. బస్సు ఆగింది. ఇక్కడే నిలబెట్టు, లోపలికి తేవద్దు, నేనే అందరినీ తెస్తానని పెంచలకృష్ణకు చెప్పి వెనక్కి వచ్చాను.

షెడ్డు దగ్గర జనం చేరారు. గెడ పట్టుకొని పీకాను. తడి ఇసుక గదా, చిన్నపిల్ల పీకినా వచ్చేది. నాకు మూడుసార్లు పట్టింది.

చిన్నపోలయ్యే ముందుకొచ్చాడు.

"బావా, ఏం చేస్తుండావో తెలుసా నీకు?"

"తెలుసు. ఇప్పుడు బ్రిడ్జి మాట ఎత్తుతుండా. వినండి. నడిమి దూలం పగిలిపోయుండాది. నా చెయ్యి దూరింది. కమ్ములు లేవు, తుప్పుండాది. బస్సు మీద పోతే అందరం కాలవలో ఉంటాం. ఇక్కడుంటే సాయంత్రానికి సముద్రంలో ఉంటాం. నిన్న నేను చెప్పింది అబద్ధం. ఈ ఉరవడిలో పడవ నిలవదు, నడిచి దాటాలి. మనిషికీ మనిషికీ పది అడుగులు. సామాను వద్దు."

ఉప్పు ఇసుక సంగతీ చెప్పాను. ఎందుకు చెప్పానో తెలియదు. మొదలుపెట్టాక ఆగలేదు.

ఏసుమణి తల మీద కుట్ల మచ్చ ఇంకా ఉంది. వాడు ఉమ్మేశాడు. నా మీద కాదు, నా పక్కన.

మాలకొండమ్మ జనంలోంచి వచ్చింది.

"ఎప్పుడు చూసినావు?"

"ఇప్పుడు అదంతా ఎందుకు మే, నడువు."

"ఎప్పుడు చూసినావు?"

"రెండో తేదీ."

వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. ఆమెకు చదువు లేదు గానీ లెక్క తప్పదు.

"ఇరవై ఆరు రోజులు. రోజూ నా చేతి టీ తాగి, నన్ను దాని మీదికి పంపించినావు."

గంప దాచాను కదా అనబోయాను.

దాటాం. నేను ఈ చివర నిలబడి ఒక్కొక్కరినే వదిలాను. గాలికి ఆడవాళ్ళు కూర్చుండిపోతున్నారు, పాకుతూ పోయారు. పక్క గోడలు లేవు, పట్టుకోడానికి ఏమీ లేదు. మాల్యాద్రి చివర్లో వచ్చాడు. వాణ్ణి ఎత్తుకోబోతే చెయ్యి తోసేశాడు.

"నాయనా, జెట్టీ నాకోసమని అందరికీ చెప్పినావు. నన్నొక్కసారన్నా అడిగినావా? నేను మళ్ళా పడవ ఎక్కేవాణ్ణి కాదు. నాకెందుకు జెట్టీ?"

కర్ర పొడుచుకుంటూ పోయాడు. వాడు అవతలి గట్టు చేరేదాకా నేను అడుగు వేయలేదు. నూట నలభై మంది చేరారు. ఆఖరున నేను. మధ్యకు వచ్చినప్పుడు కాళ్ళ కింద సన్నగా వణుకు తెలిసింది. గాలి వల్లో, నీళ్ళ వల్లో, నా కాళ్ళ వల్లో.

డిసెంబరు 1, ఆదివారం

పాళేనికి వచ్చాం. పదకొండు ఇళ్ళు లేవు. మా వంటగది గోడ లేదు. మనుషులందరూ ఉన్నారు.

బ్రిడ్జి ఉంది.

ఇంజనీరు ఒకాయన జీపులో వచ్చి, గొడుగు కింద నిలబడి పైనుంచి చూశాడు. కింద చూడండి సారూ, పడవ తెస్తాను అన్నాను. నీళ్ళు తగ్గాక చూస్తాలే పెద్దాయనా అన్నాడు. బియ్యం మూటల లారీ బ్రిడ్జి మీదనే లోపలికి వచ్చింది. ఏమీ కాలేదు.

లారీ పోయాక మా పాళెం కుర్రాడు సుబ్బు అన్నాడు. "తాతా, నీ బ్రిడ్జి కూలేదానికి ముహూర్తమేమన్నా పెట్టుకోనుందా?"

అందరూ నవ్వారు. వాళ్ళను గాలిలో పాకించాను కదా. నవ్వుకోనీ.

డిసెంబరు 3, మంగళవారం

చిన్నపోలయ్య పెదకాపు అయ్యాడు. కండువా నేనే తీసి వాడి భుజం మీద వేశాను.

ఎమ్మెల్యే మనిషి మళ్ళీ వచ్చాడు. జెట్టీ మంజూరయింది, కాగితం మారిస్తే డబ్బు పక్క పాళేనికి పోతుంది అన్నాడు. నేను లేచి, జెట్టీ వద్దు, బ్రిడ్జికి మార్చమందాం అన్నాను. నాకు తోడు చిన్నపోలయ్య లేస్తాడనుకున్నాను. బ్రిడ్జి కావాలన్నవాడు వాడే కదా.

వాడు తల దించుకొని అన్నాడు.

"బావా, తుపానులో నిలిచింది, లారీకి నిలిచింది. ఇంకో రెండేళ్ళు నిలవదా? చేతికొచ్చినదాన్ని వదిలేస్తే రెండూ పోతాయి. పదకొండు ఇళ్ళు పోయుండాయి, జనానికి పని కావాల. జెట్టీ పనైనా దొరుకుద్ది."

"ఆ రోజు నువ్వేం చెప్పినావురా?"

"ఆ రోజు నేను పెదకాపును కాదు గదా."

వాణ్ణి తప్పు పట్టలేను. ఆ కండువా బరువు నాకు తెలుసు. అయినా అరిచాను. ఉప్పు ఇసుక అన్నాను, చెయ్యి దూరింది అన్నాను. ఏసుమణి, మళ్ళా తలకాయలు పగలాల్నా అని లేచాడు. చిన్నపోలయ్య గెడ తెప్పించాడు. నేను పీకిన గెడే. అదే మాట మీద మళ్ళీ దురాయి వేశాడు. గెడ పాతుతుండగానే నేను బ్రిడ్జి మాట ఎత్తాను. రెండుసార్లు ఎత్తాను.

మా ఇంటికి దురాయి తగిలింది.

డిసెంబరు 5, గురువారం

ఎవరూ మాట్లాడరు. కుళాయి దగ్గర మాలకొండమ్మ బిందె పెడితే ఆడవాళ్ళు తమ బిందెలు తీసుకొని పక్కకు జరుగుతున్నారు. మాల్యాద్రికి బాగు చేయమని ఇచ్చిన వలలు అడగకుండానే పట్టుకుపోయారు.

ఇవాళ పొద్దున ఆమె గంప ఎత్తుకొని ఆటో దగ్గరికి పోయింది. శివ ఆమె వైపు చూడకుండా బండి కదిపాడు. ఏడుగురే పోయారు. ఆమె తిరిగి వచ్చి గంప దించి గడపలో కూర్చుంది. నెల రోజులుగా నేను చేయలేని పని దురాయి చేసింది.

నాకు సంతోషమయింది. సిగ్గులేకుండా రాస్తున్నాను, సంతోషమయింది. నెల తరవాత కడుపు నిండా అన్నం తిన్నాను. రెండోసారి పులుసు పోయమన్నాను.

మాలకొండమ్మ పోయలేదు. అల్లూరు బడి తరవాత ఆమె నాతో మాట్లాడ్డం ఇదే మొదలు.

"నేను ఆటో ఎక్కలేదని తింటుండావు. ఎక్కినోళ్ళు ఏడుగురుండారు. వాళ్ళకు మొగుళ్ళు లేరా?"

గరిటె కుండలో వేసి లేచిపోయింది.

పన్నెండూ ముప్పావుకు ఆటో వచ్చింది. ఏడుగురు. నేను చూడ్డానికి పోలేదు. చప్పుడు విని లెక్కపెట్టాను.

డిసెంబరు 6, శుక్రవారం

నాలుగున్నరకే పోయి బ్రిడ్జికి ఈ చివర, దోవ మధ్యలో నిలబడ్డాను. సన్న జల్లు. కాలవ నిండుగా ఉంది, నీళ్ళు దూలాన్ని నాకుతున్నాయి.

ఆటో లైట్లు మొహం మీద పడ్డాయి. శివ హారన్ కొట్టాడు. కొట్టాడు, కొట్టాడు. నేను కదల్లేదు. దిగి వచ్చి నా ఎదురుగా నిలబడ్డాడు, నోరు తెరిచాడు, మూశాడు. వాడు నాతో మాట్లాడకూడదు. జరుగు తాతా అనకూడదు, పిచ్చి ముసలోడా అని తిట్టకూడదు. చేత్తో తోయడానికి పెద్దవాణ్ణి. ఈ కట్టు ఇట్లా కూడా పనికొస్తుందని డెబ్బై రెండేళ్ళలో నాకు తట్టలేదు.

"దిగి నడవండమ్మా" అన్నాను. "ఒక్కొక్కరే. మీరు దాటినాక ఖాళీ ఆటో వస్తుంది. అప్పుడు ఎక్కండి."

ఎవరూ బదులు చెప్పలేదు. చెప్పకూడదు. ఐసు కరిగి ఆటో కిందికి కారుతోంది. మార్కెట్టుకు ఆలస్యమవుతోంది.

ముందు సుభాషిణి దిగింది. చిన్నపోలయ్య పెళ్ళాం. గంప దించుకొని నెత్తిన పెట్టుకుంది. నా పక్కనుంచి పోతూ కొంగు నాకు తగలకుండా సర్దుకుంది. బ్రిడ్జి ఎక్కింది. మధ్యకు పోయి ఆగింది. కిందికి చూసింది. నీళ్ళను చూసిందో, ఏం చూసిందో. గంప మీద చెయ్యి అట్లానే ఉంది. ఆ తరవాత అడుగు చిన్నదయింది. చంటిపిల్ల నడిచినట్టు నడిచింది.

ఆమె గట్టు చేరాక రెండో ఆమె దిగింది. తరవాత మూడో ఆమె.

ఏడుగురు దాటారు. శివ ఖాళీ బండి తీసుకొని పోయాడు. మధ్యలో ఆటో చప్పుడు మారింది. నేను కళ్ళు మూసుకోలేదు.

మధ్యాహ్నం వాళ్ళు తిరిగొచ్చేటప్పుడు అవతలి చివర నిలబడాలి. దానికి నేను ముందే దాటిపోవాలి. రేపు మళ్ళీ. వానలు ఇంకా నెల ఉన్నాయి.

గడపలో మాలకొండమ్మ గొడుగు పెట్టి ఉంచింది.

పదకొండయింది. పోతున్నాను.